గెనిమకు పట్టిన సరిహద్దు

పొలానికీ పొలానికీ మధ్య మోకాలెత్తున మట్టి పోసి ఉంటుంది. దాని మీద గడ్డి మొలుస్తుంది, మనుషులు నడుస్తారు, మధ్యాహ్నం పూట కూర్చుని సద్ది తింటారు. కోస్తా వాళ్ళు దాన్ని గట్టు అంటారు. తెలంగాణ వాళ్ళు గెట్టు అంటారు. ఒడ్డు అనేవాళ్ళూ ఉన్నారు. మా సీమలో గెనిమ అంటాం. ఆ మట్టి కోసం అన్నదమ్ములు కోర్టులకెక్కిన మాట నిజమే గానీ, దాని పేరు వల్ల మాత్రం ఎవరికీ ఏనాడూ ఇబ్బంది రాలేదు. ఇబ్బంది వచ్చింది కంప్యూటర్‌కు.

భూముల కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్న రోజులవి. మా గుండ్లవంక మండలంలో ఒక దస్తావేజు చెక్కుబందీలో, అంటే పొలానికి నాలుగు దిక్కులా ఏముందో రాసే చోట, ‘తూర్పున గెనిమ’ అని ఉంది. కంప్యూటర్ రాజధానిలో పుట్టి పెరిగింది. ఆ మాట ఎప్పుడూ విని ఉండలేదు. తూర్పున గెనిమ అనే ఆవిడ ఎవరో ఉన్నారనుకుని, కొలతల రోజున హాజరు కావలసిందిగా ‘శ్రీమతి గెనిమ గారికి’ నోటీసు పంపింది. ఆవిడ రాలేదు. రెండో నోటీసుకూ రాలేదు. మూడోది కూడా వెనక్కి వచ్చేసరికి, ఆవిడ ప్రభుత్వానికి సహకరించడం లేదని తేల్చి ఆవిడ పింఛను నిలిపెయ్యమన్నారు. ఆవిడకు అసలు పింఛనే లేదని కింది నుంచి జవాబు వెళ్ళింది. ఆదేశం అమలు కాకపోతే తప్పు కాబట్టి, ముందు మంజూరు చేసి ఆ తర్వాత నిలిపేశారు.

ఈ వ్యవహారాన్ని పై స్థాయిలో సమీక్షించినప్పుడు కంప్యూటర్‌లో ఏ లోపమూ లేదని, లోపం తెలుగులోనే ఉందని తేలింది. ఒకే వస్తువుకు ఇన్ని మాటలుంటే ఏ యంత్రమైనా ఏం చేస్తుంది? అందుకని ‘భూపద ప్రామాణీకరణ విభాగం’ అని ఒకటి పెట్టి, దానికి పరాంకుశ రావు గారిని అధిపతిగా వేశారు. ఆయన అంతకు ముందు మత్స్యశాఖలో చేపల పేర్లు క్రమబద్ధం చేశారు. ఇప్పటికీ ఆ పేర్లతో అడిగితే బజారులో చేప దొరకదు.

పరాంకుశ రావు గారు ఏడాదిపాటు పరిశోధించి నివేదిక ఇచ్చారు. ‘గట్టు అనగా కొండ అని కూడా అర్థమున్నందున రైతులు పొలముల మధ్య కొండలున్నవని భ్రమించు ప్రమాదమున్నది. ఒడ్డు అను పదముపై నీటిపారుదల శాఖవారు హక్కు కోరుచున్నారు. హద్దు అను పదము హద్దు మీరుట అను ప్రయోగములో తరచుగా కనిపించుచున్నందున దానియందు ధిక్కార స్వభావము గోచరించుచున్నది. గెనిమ అను పదము మేము తిరగవేసిన పుటలలో కానరాలేదు. కావున సరిహద్దు అను పదమును సిఫారసు చేయడమైనది. ఇందులో హద్దు ఉన్నది, సరి కూడా ఉన్నది. హద్దులు సరిగా ఉండవలెనను ప్రభుత్వ సంకల్పము పదములోనే ఇమిడియున్నది.’

సిఫారసు ఆమోదం పొందింది. రాజధానిలో ఎవరో ఒక మీట నొక్కారు. రాష్ట్రంలోని గట్లు, గెట్లు, ఒడ్లు, గెనిమలు అన్నీ ఒక్క క్షణంలో సరిహద్దులైపోయాయి. మా పక్క ఊళ్ళో గట్టన్న అనే రైతు తన పాసు పుస్తకంలో సరిహద్దన్న అయ్యాడు. పిలిచేవాళ్ళు ఎటూ మారలేదు కాబట్టి ఆయన పెద్దగా పట్టించుకోలేదు.

కొన్నాళ్ళు ఏమీ జరగలేదు. ఆ తర్వాత ప్రభుత్వం ఇంకో కంప్యూటర్ కొన్నది. కాగితాల్లో ఏ మాట కనిపించినా, ఆ మాటకు సంబంధించిన నియమాలన్నీ వెతికి తెచ్చి దానికి తగిలించడం దీని పని. గెనిమకు ఏ నియమమూ ఉండేది కాదు. సరిహద్దుకు పెద్ద సంపుటమే ఉంది. ఎప్పుడో, ఎవరో, తుపాకులతో కాపలా కాసే ఏదో దూరపు చోటు కోసం రాసుకున్న నియమావళి అది. అది వచ్చి మా సీమ మిరప చేలకు తగులుకుంది.

ముందుగా తహసీల్దారు నళినాక్షి గారికి తాఖీదు వచ్చింది. మీ మండలంలో సరిహద్దులెన్ని, వాటి వద్ద పరిస్థితి ఎలా ఉంది, తెలపండి అని. ఆవిడ రైతు బిడ్డ, అబద్ధం రాయడం చేతకాని మనిషి. లక్షకు పైగా ఉన్నాయని, అన్ని చోట్లా ప్రశాంతంగా ఉందని రాశారు. వెంటనే మందలింపు వచ్చింది. ‘ఇన్ని సరిహద్దులు కలిగియుండి ఇంతకాలము ఒక్క సంఘటననైనను నివేదించకపోవుట తమ తీవ్ర నిర్లక్ష్యమునకు నిదర్శనము.’ దానితోపాటే గుండ్లవంకను అత్యంత సున్నిత ప్రాంతంగా ప్రకటించారు. నళినాక్షి గారి జీపుకు ఎర్ర అక్షరాల బోర్డు తగిలించారు.

ఇక ఎర్రబండ గ్రామంలో మద్దిలేటి, సుంకులమ్మల సంగతి చెప్పాలి. వాళ్ళవి పక్కపక్క చేలు. సుంకులమ్మ మొగుడు లారీ తోలుతాడు, నెలల తరబడి ఇంటికి రాడు. సేద్యమంతా ఆమెదే. మద్దిలేటి చేలో బోరు ఉంది, సుంకులమ్మకు కాడెద్దులున్నాయి. ఆయన నీళ్ళు ఆమె చేలోకి పోతాయి, ఆమె ఎద్దులు ఆయన చేను దున్నుతాయి. ఇందులో ఇంత ఇచ్చా, అంత పుచ్చుకున్నా అన్న లెక్క ఎవరూ వెయ్యలేదు. మద్దిలేటి ఆమెను అక్కా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు, గెనిమే చుట్టరికం.

ఆ పొద్దు సుంకులమ్మ చేలో మిరప పూత మీద ఉంది. మద్దిలేటి మోటారు వేసి, పైపు గెనిమ మీదుగా ఆమె చేలోకి తిప్పి, గెనిమ మీద ఆమె పక్కన కూర్చుని సద్దిమూట విప్పుతున్నాడు. ఊరి వీఆర్వో గిడ్డయ్య గెనిమ వెంబడే నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో కాగితం ఉంది. అది తనది కానట్టు కొంచెం దూరంగా పట్టుకున్నాడు.

“మద్దిలేటీ, మోటారు ఆపు,” అన్నాడు.

“ఏంటికన్నా? కరెంటు ఇప్పుడే వచ్చె.”

“నీ నీళ్ళు సరిహద్దు దాటి పోతాండాయి.”

మద్దిలేటి లేచి నిలబడి చుట్టూ చూశాడు. “యాడుందన్నా సరిహద్దు?”

“నువ్వు నిలబడుకోని ఉండేదే.”

“ఇది గెనిమ గదా,” అంది సుంకులమ్మ.

“మొన్నటి దాకా గెనిమేనక్కా. ఇప్పుడు దాన్ని గెనిమ అంటే నాకు మెమో ఇస్తారు.”

గిడ్డయ్య కాగితం చదివాడు. రెండు పక్షాల మధ్య జల ఒప్పందం కుదిరే వరకు సరిహద్దు గుండా నీరు ప్రవహించరాదు. సరకులు మార్చుకోరాదు. అనుమతి పత్రం లేకుండా మనుషులు, పశువులు దాటరాదు. సరిహద్దుపై కూర్చుని భోజనం చేయరాదు, ఎందుకంటే అది ఏ పక్షానికీ చెందని మధ్యస్థ మండలం. చదవడం పూర్తయ్యాక, తాను కూడా మధ్యస్థ మండలంలోనే నిలబడి ఉన్నట్టు గమనించి, గిడ్డయ్య కిందికి దిగాడు. ఎటువైపు దిగాలో తెలియక కాసేపు తటపటాయించాడు.

మోటారు ఆగింది. ఆ మధ్యాహ్నం మద్దిలేటి తన చేలో, సుంకులమ్మ తన చేలో కూర్చుని ఎదురెదురుగా తిన్నారు. ఆమె తెచ్చిన గోంగూర పచ్చడి ఆయనకు అందించబోతే, అది సరకుల మార్పిడి కిందికి వస్తుందని గిడ్డయ్య నొచ్చుకుంటూనే చెప్పాడు.

మరునాడు ఇద్దరూ తహసీల్దారు కార్యాలయానికి వెళ్ళారు. నళినాక్షి గారు వాళ్ళను కూర్చోబెట్టి నియమావళి అంతా తిరగేశారు. గెనిమ అంటే ఏమిటో తనకు తెలుసనీ, చిన్నప్పుడు దాని మీద పడుకుని నిద్రపోయేదాన్నే అనీ అన్నారు. కానీ ఫైలులో ఆ సంగతి రాయడానికి చోటు లేదు. నీళ్ళు పారాలంటే ఒప్పందం కావాలి, ఒప్పందం కావాలంటే పై అధికారి సమక్షంలో ద్వైపాక్షిక చర్చలు జరగాలి. పూత రాలిపోతుందమ్మా అని సుంకులమ్మ మొత్తుకుంటే, ఆవిడ ఆ రోజే రాజధానికి ఫోన్ చేశారు.

పరాంకుశ రావు గారు ఉత్సాహంగా వచ్చారు. ఒక మాట మార్చినందుకు చర్చలకు అధ్యక్షత వహించే భాగ్యం దక్కుతుందని ఆయన కూడా ఊహించలేదు. అయితే చర్చలు తటస్థ ప్రదేశంలో జరగాలి. మండలంలో ఎక్కడ చూసినా ఎవరిదో ఒక భూమి, దానికొక సరిహద్దు. చివరికి తార్రోడ్డు ఒక్కటే ఏ రైతుదీ కాదని గుర్తించి, దాని మధ్యలో షామియానా వేశారు. అటు బస్సులు అటూ, ఇటు బస్సులు ఇటూ ఆగిపోయాయి. దిగిన ప్రయాణికులు సభకు వచ్చిన జనంగా నమోదయ్యారు.

బల్ల మీద రెండు పక్షాల జెండాలు ఉండాలన్నారు. గిడ్డయ్య మద్దిలేటి తువ్వాలును ఒక కట్టెకు, సుంకులమ్మ సద్దిమూట గుడ్డను ఇంకో కట్టెకు కట్టి నిలబెట్టాడు. పరాంకుశ రావు గారు రెండింటికీ వందనం చేసి, గొంతు సవరించుకున్నారు.

“ఉభయ పక్షాలూ సంయమనం పాటించాలి. ముందుగా మీ మధ్య ఉన్న ప్రధాన వివాదాంశాలను సభ ముందు ఉంచండి.”

వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా మధ్య ఏ వివాదమూ లేదు, నీళ్ళు వదిలితే చాలు అని మద్దిలేటి అన్నాడు. పరాంకుశ రావు గారికి ఇది నచ్చలేదు.

“వివాదం లేనిదే చర్చలు లేవు. చర్చలు లేనిదే ఒప్పందం లేదు. ఒప్పందం లేనిదే నీళ్ళు లేవు. బాధ్యతగా ఆలోచించండి.”

వివాదం వెతుక్కోవడానికి టీ విరామం ఇచ్చారు. షామియానా వెనక ఇద్దరూ నిలబడి, ఏం చెబుదామా అని నవ్వుకుంటూ ఆలోచించారు. తిరిగి వచ్చాక సుంకులమ్మ, ప్రతి దుక్కికీ మద్దిలేటి మడక గెనిమను రవ్వంత గీరుతుందని చెప్పింది. మద్దిలేటి, అక్క తన చేలో రాళ్ళు ఏరి నా చేలోకి విసురుతుందని చెప్పాడు. రెండూ నిజాలే. రెండూ ఇద్దరికీ ఎప్పటినుంచో తెలుసు. గెనిమను గీరని రైతు, పక్క చేలోకి రాయి విసరని రైతు మా సీమలో ఇంకా పుట్టలేదు. అవి చెబుతున్నప్పుడు ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు, బస్సులు దిగిన ప్రయాణికులు కూడా నవ్వారు.

పరాంకుశ రావు గారు వాటిని తమ భాషలోకి మార్చి రాయించి, లేచి నిలబడి చదివారు. “మొదటి పక్షమువారు పథకం ప్రకారం, దీర్ఘకాలంగా, రెండవ పక్షమువారి భూభాగాన్ని ఆక్రమిస్తున్నారు. దీనికి ప్రతీకారంగా రెండవ పక్షమువారు మొదటి పక్షముపై నిరంతరం రాళ్ళ దాడులకు పాల్పడుతున్నారు.”

నవ్వులు ఆగిపోయాయి. బస్సులో వచ్చిన వాళ్ళు మద్దిలేటిని ఇంకో రకంగా చూశారు. ఒకావిడ సుంకులమ్మకు దూరంగా జరిగి కూర్చుంది. మద్దిలేటికి ముఖం కందిపోయింది. ఆడకూతురి భూమి పథకం వేసి తిన్నవాడిగా నలుగురిలో నిలబడ్డం ఆయనకు అదే మొదలు. సుంకులమ్మకూ అంతే. మనిషి మీద రాయి ఎత్తని మనిషి ఆమె. అవి తాము చెప్పినవి కావని తెలుస్తూనే ఉన్నా, ఎదుటివాళ్ళు నోరు తెరవకపోతే ఇంత దూరం వచ్చేదా అని ఇద్దరికీ లోపల అనిపించింది. ఆ తర్వాత ఏమడిగినా ఇద్దరూ తల వంచుకుని ఊఁ అన్నారు తప్ప మాట్లాడలేదు.

చర్చలు నిర్మాణాత్మక వాతావరణంలో విఫలమయ్యాయని పరాంకుశ రావు గారు పత్రికలకు చెప్పారు. ఎర్రబండ సరిహద్దులో పరిస్థితి ఉద్రిక్తంగా ఉందని పైకి నివేదిక వెళ్ళింది. మొదటిసారిగా మా మండలం నుంచి ఒక సరైన నివేదిక వచ్చిందని నళినాక్షి గారికి ప్రశంస వచ్చింది. ఆవిడ దాన్ని చదివి సొరుగులో బోర్లా పెట్టారు.

ఇక ఎర్రబండలో మాటలు లేవు. మద్దిలేటి తన చేను తడుపుకునేవాడు. పైపు కొస వరకు వచ్చి వెనక్కి తిరిగేవాడు. సుంకులమ్మ మిరప ఆకు ముడుచుకుంది, పూత కాళ్ళ కింద రాలి ఎండింది. మొదట్లో ఆమె బిందెలతో నీళ్ళు మోసి పోసేది గానీ, బిందె నీళ్ళతో చేను ఎక్కడ బతుకుతుంది? వాళ్ళిద్దరూ ఒకే వేళకు వచ్చేవాళ్ళు, ఒకే వేళకు పోయేవాళ్ళు, ఒకరికొకరు కనబడనట్టు పని చేసుకునేవాళ్ళు. అంత చిన్న గెనిమకు అటూ ఇటూ ఉండి కనబడనట్టు ఉండటం పొద్దంతా కలుపు తీసిన దానికన్నా ఎక్కువ అలుపు.

ఈ ఏర్పాట్లేవీ తెలియని ప్రాణి ఒక్కటే ఉంది, మద్దిలేటి బర్రె. అది ఎప్పటి మాదిరే ఒక ఉదయం గెనిమ దిగి, సుంకులమ్మ చేలో గడ్డి మేస్తూ గిడ్డయ్యకు దొరికింది. దొరికింది అనే కంటే, ఆయన వెంట ఆరోజు రాజధాని నుంచి వచ్చిన తనిఖీ మనిషి ఉన్నాడు కాబట్టి ఆయన చూడక తప్పలేదు అనాలి. రాష్ట్రంలో నమోదైన తొలి చొరబాటు అది. ఫోన్లు మోగాయి. బర్రెను తోలుకుపోయి తహసీల్దారు కార్యాలయం ఆవరణలో జెండా దిమ్మెకు కట్టేశారు. మధ్యాహ్నానికి పరాంకుశ రావు గారు దిగారు. బర్రెకు ఎదురుగా కుర్చీ వేయించుకుని, దాన్ని కాసేపు నిశితంగా పరిశీలించారు.

చొరబాటు రుజువు కావాలంటే నష్టపోయిన పక్షం ఫిర్యాదు చెయ్యాలి. సుంకులమ్మకు కబురు వెళ్ళింది. ఆమె వచ్చేసరికి మద్దిలేటి గేటు బయట చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె వైపు చూడలేదు. ఇంటి దగ్గర దూడ అరుస్తోంది, ఆ సంగతి ఎవరితో చెప్పుకోవాలో ఆయనకు తెలియడం లేదు.

పరాంకుశ రావు గారు ఆమెను ఆదరంగా కూర్చోమన్నారు. ఇక్కడ సంతకం చేస్తే మొదటి పక్షం నేరం స్థిరపడుతుంది, ఆపై అంతా మీకు అనుకూలంగానే ఉంటుంది అని వివరించారు.

“చొరబాటంటే ఏం సార్?” అని అడిగింది సుంకులమ్మ.

“అనుమతి లేకుండా, దురుద్దేశంతో, ఇతరుల భూభాగంలో ప్రవేశించడం.”

ఆమె బర్రె వైపు చూసింది. బర్రె కూడా ఆమె వైపు చూసి, ఆమె చేతిలో ఏమైనా ఉందేమోనని ముట్టె చాచింది.

“దీనికి దురుద్దేశం తెల్దు సార్, ఆకలి తెలుసు. అది నా చేలోకి దూరలేదు. నేనే పిల్చినా.”

“మీరు పిలిచారా? బర్రెను?”

“పిలిస్తే వస్తాది సార్. పొద్దున్నించి పాలు పిండలేదు, పొదుగు ఎట్ల బిగిసిందో చూడండి. మీ కాగితం మళ్ళా చూసుకుందాం, ముందు ఒక చెంబియ్యండి.”

ఎవరో లోపలి నుంచి చెంబు తెచ్చి ఇచ్చారు. సుంకులమ్మ కొంగు నడుముకు చెక్కి, జెండా దిమ్మె పక్కన కూర్చుని పాలు పిండింది. బర్రె కళ్ళు సగం మూసుకుని నిలబడింది. దూడకు సగం ఉంచి ఆమె లేచింది. ఆ పాలతో కార్యాలయంలో టీ పెట్టారు. పరాంకుశ రావు గారు కూడా తాగారు, చిక్కగా ఉందన్నారు. ఫిర్యాదు లేనందున చొరబాటును ఆహ్వానిత పర్యటనగా మార్చి ఫైలు మూసేశారు.

బర్రె పలుపు పట్టుకుని మద్దిలేటి ముందు, వెనక సుంకులమ్మ నడిచారు. ఊరి దారి సగం దాటారు.

“నేను రాళ్ళు ఇసురుతాదంటి గానీ,” అన్నాడు మద్దిలేటి వెనక్కి తిరక్కుండా, “దాడి అన్లేదక్కా.”

“నేను మాత్రం? గీరుతాదంటి గానీ, ఆక్రమణ అంటినా?”

“పథకమంట. నాకు ఆ మాట నోరు తిరగదు.”

“అవి మన మాటలు కాదులే మద్దిలేటీ,” అంది సుంకులమ్మ. “మన నోట్లో పెట్టి పోయినారు.”

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చెమట ఏమీ లేదు. కొంచెం దూరం పోయాక, మిరప ఇంకా బతుకుతుందా అని అడిగాడు. నీళ్ళు తగిలితే మొదలు చిగురిస్తుంది, సగం పంటైనా చేతికొస్తుంది అంది ఆమె. నీళ్ళు సరిహద్దు దాటగూడదన్నారు, అంతే గదా, అసలు సరిహద్దే లేకపోతే ఎట్ల దాటుతాయని ఆయన అడిగాడు. మరునాడు పొద్దున్నే ఆమె ఎద్దులను తోలుకొని చేలోకి వచ్చింది.

ఇద్దరూ కలిసి గెనిమను దున్నేశారు. గట్టిపడిన చోట మద్దిలేటి పారతో తవ్వాడు, ఆమె మట్టి సరిచేసింది. అన్ని నియమాలున్న వస్తువు ఎద్దులు నాలుగు సాళ్ళు తిరిగేసరికి నేలమట్టమైంది. ఎండ ముదిరే వేళకు మోటారు వేశారు. నీళ్ళు కాసేపు మద్దిలేటి చేలో నిలిచి, ఆ తర్వాత ఎవరినీ అడక్కుండా మిరప సాళ్ళలోకి వెళ్ళిపోయాయి.

గిడ్డయ్య వచ్చి చూశాడు. గెనిమ ఉండే చోట నిలబడి, తాను ఏ పక్షంలో ఉన్నాడో తేల్చుకోలేక, ఫోన్ తీసి తహసీల్దారు గారికి చెప్పాడు. నళినాక్షి గారు నియమావళి మళ్ళీ తిరగేశారు. ఒక పక్షం సరిహద్దును ధ్వంసం చేస్తే యుద్ధం. రెండు పక్షాలూ కలిసి చేస్తే ఏమిటన్నది చివర్లో ఒకే ఒక్క వాక్యంలో ఉంది. దాన్ని విలీనం అంటారు. విలీనాన్ని ప్రభుత్వం సహర్షంగా స్వాగతించవలెను. ఆ సంపుటంలో సహర్షం అన్న మాట ఇంకెక్కడా లేదు. ఆవిడ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకుని, చాలా రోజుల తర్వాత నవ్వారు. వెంటనే పైకి రాశారు.

పరాంకుశ రావు గారు పూలదండలతో వచ్చారు. శాంతియుతంగా, చర్చల ఫలితంగా, తన హయాంలో రెండు భూభాగాలు ఏకమయ్యాయని ప్రసంగించారు. సుంకులమ్మకు శాలువా కప్పారు. విలీన పత్రంలో రాజధాని అన్న గడి ఖాళీగా ఉంచకూడదు కాబట్టి మద్దిలేటి మోటారు షెడ్డును రాజధానిగా రాశారు. మద్దిలేటి దండ వేసుకునే పోయి మోటారు ఆపి వచ్చాడు, చేను తడిసింది కాబట్టి.

ఈ ఉపాయం ఊళ్ళకు పాకింది. బోరు కోసం కొందరు, బర్రెల కోసం కొందరు, పక్క చేలో నుంచి బండి తోలుకోవడానికి కొందరు, అందరూ గెనిమలు దున్నేశారు. వేసవికి మండలంలో సరిహద్దు అన్నది లేకుండా పోయింది. నళినాక్షి గారు ఆ మాటే నివేదించారు. ఉత్తమ మండలంగా పురస్కారానికి పేరు వెళ్ళింది. దాని వెనకే, సరిహద్దులే లేని చోట భూవివాదాలుండవు కాబట్టి తహసీల్దారు కార్యాలయం అవసరమేమిటో వివరించమని ఇంకో తాఖీదు వచ్చింది.

ఆవిడ వివరణ రాస్తుండగానే వాన మొదలైంది. మంచి వాన. నిలిపే గెనిమ లేక నీళ్ళు పై చేల నుంచి కింది చేలకు, అక్కడి నుంచి వంకలోకి ఉరికాయి. పోతూ పోతూ మెత్తటి మన్నును, అప్పుడే వేసిన విత్తనాన్ని తీసుకుపోయాయి. వాన వెలిసిన పొద్దున రైతులందరూ పారలు పట్టుకుని చేలల్లో ఉన్నారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ ఎవరినీ అడగలేదు. సుంకులమ్మ అటు నుంచి, మద్దిలేటి ఇటు నుంచి మట్టి ఎత్తి పోశారు. నా వైపు జరిగింది కొంచెం, అని ఆమె అంటే ఆయన తన వైపు జరిపాడు. మళ్ళీ ఆయన వైపు ఎక్కువైందని ఆమే కొంచెం వెనక్కి తీసింది. సాయంత్రానికి మోకాలెత్తున లేచింది.

పురస్కారం ఇచ్చే ముందు తనిఖీ ఉంటుంది. పరాంకుశ రావు గారు నళినాక్షి గారిని, గిడ్డయ్యను వెంటబెట్టుకుని ఎర్రబండకే వచ్చారు, తొలి విలీనం జరిగిన చోటు కదా అని. కారు దిగి చేలోకి నడిచి, ఆ మట్టి ముందు ఆగిపోయారు. కొత్త మట్టి మీద అప్పటికే పచ్చగా గరిక మొలకలు వచ్చాయి. చేతిలోని ఫోన్ తెరిచారు. ఏ వస్తువు కనిపించినా దాని పేరు ఎక్కించాలి. పేరు ఎక్కితే నియమాలు వాటంతటవే వచ్చి తగులుకుంటాయి.

“ఏమిటిది?” అని అడిగారు.

నళినాక్షి గారు దూరంగా కొండల వైపు చూశారు. గిడ్డయ్య చెప్పు దులుపుకున్నాడు.

“మన్ను సార్,” అన్నాడు మద్దిలేటి.

“మన్ను అని తెలుస్తోంది. దీన్ని మీరేమంటారు?”

“ఏమీ అనం సార్,” అంది సుంకులమ్మ.

“అదెలాగమ్మా? ప్రతిదానికీ ఒక పేరుంటుంది. మీరు దీన్ని ఏదో ఒక పేరుతో పిలవాలి కదా?”

ఆమె ఆ మట్టి వైపు, ఆ తర్వాత ఆయన వైపు నిదానంగా చూసింది.

“ఏంటికి పిలవాల సార్? అది యాడికీ పోదు గదా.”